శుక్రవారం కథ... ఆదివారం సినిమా!

"సినిమా తీయడమంటే మాటలా!" అన్నది మన ఇళ్ళలో పాత మాటే. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మద్రాసు కోడంబాకంలో నాలుగు రోజులు తిరిగినవారెవరైనా ‘సినిమా తీసి చూడు’ అని మూడోది కూడా కలుపుతారు. అలాంటిది నలుగురు స్నేహితులు కలిసి శుక్రవారం సాయంత్రం కథ అనుకుని, శనివారం తీసి, ఆదివారం సాయంత్రానికల్లా సినిమా చేతిలో పెట్టేస్తున్నారంటే ఆశ్చర్యంగా లేదూ? నాలుగైదు నిమిషాల చిన్న సినిమాయే కావచ్చు. అయినా కథ, మాటలు, నటన, కెమెరా, సంగీతం, ఎడిటింగు అన్నీ ఉన్న అసలు సిసలు సినిమా!

ఈ సరదా ఎక్కడ పుట్టింది, ఎలా నడుస్తుంది, తెలుగు రాష్ట్రాలకు వెలుపల తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు ఇది ఎందుకు పనికొస్తుంది అన్నది ఈసారి ముచ్చటించుకుందాం.

చీటీలో వచ్చే కథ

2001లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో మార్క్ రుపర్ట్ అనే ఆయనకు ఓ ఆలోచన వచ్చింది. కేవలం 48 గంటల్లో సినిమా తీస్తే అది చూడదగ్గట్టు ఉంటుందా అని! తోటివారిని కూడగట్టి పోటీ పెట్టారు. చూడదగ్గట్టే ఉన్నాయి. ‘48 అవర్ ఫిల్మ్ ప్రాజెక్ట్’ పేరుతో ఆ పోటీ ఎన్నో దేశాలకు పాకింది. మన ముంబయిలోనూ జరిగింది. 2011లో అహ్మదాబాద్‌లో మొదలైన ‘ఇండియా ఫిల్మ్ ప్రాజెక్ట్’ వారు ఇంకో రెండు గంటలు దయతలచి 50 గంటలు ఇచ్చారు.

48 గంటల పోటీ నియమాలు తమాషాగా ఉంటాయి. శుక్రవారం సాయంత్రం జట్లన్నీ ఒకచోట చేరతాయి. హాస్యమా, భయానకమా, ప్రేమకథా అన్నది చీటీ తీసి తేలుస్తారు. దాంతోపాటు ఒక పాత్ర, ఒక వస్తువు, ఒక డైలాగు ఇస్తారు. ఈ మూడూ ఆ ఊళ్ళోని అన్ని జట్లకూ ఒకటే. అవి మూడూ సినిమాలో కనబడాలి, వినబడాలి. సినిమా 4 నుంచి 7 నిమిషాలు ఉండాలి. ఆదివారం గడువు దాటితే బహుమతి మాట మరిచిపోవలసిందే.

ముందుగా కథ రాసిపెట్టుకుని రావడానికి వీల్లేకుండా చేసిన ఏర్పాటిది. మనుషుల్ని, సామగ్రిని, తీయబోయే ఇంటిని ముందే సిద్ధం చేసుకోవచ్చు. కథ, మాటలు, చిత్రీకరణ మాత్రం ఆ 48 గంటల్లోనే సాగాలి.

తొందర వేరు, తయారీ వేరు

గడువులో సినిమా తీయడం మన చుట్టుపక్కల వారికి కొత్తేమీ కాదు. 1999లో మద్రాసులో ‘సుయంవరం’ అనే పూర్తి నిడివి తమిళ చిత్రాన్ని పలువురు దర్శకులు కలిసి 24 గంటలకు రెండు నిమిషాలు తక్కువలో చిత్రీకరించి రికార్డు సృష్టించారు. 2011లో రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ను ఏడుగురు సాంకేతిక సిబ్బందితో అయిదు రోజుల్లో తీశారు. అంతకు ఎంతో ముందే, 1960లో అమెరికాలో రోజర్ కోర్మన్ ‘ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ చిత్రీకరణలో చాలా భాగాన్ని రెండు రోజుల్లో ముగించారు. వేరే సినిమాకు వేసిన సెట్టు ఇంకా విప్పలేదు. నటులతో ముందే రిహార్సల్సు చేయించారు. కాబట్టి రెండు రోజులు సరిపోయాయి!

చేతిలో ఉన్నదాన్నే వాడుకోవడం, మనుషుల్ని ముందే సిద్ధం చేసుకోవడం. రహస్యమంతా ఈ రెండింటిలోనే ఉంది. ఇది మనకు అమెరికా నేర్పవలసిన విద్య కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం ఎలా నడిచింది? కుటుంబంలో అందరూ నటులే. వేషం వేసినవారే తెర లాగేవారు, దీపం పట్టేవారు, పాట పాడేవారు. ఆ కుటుంబాల పూర్వీకులు మరాఠీ ప్రాంతం నుంచి వచ్చి తెలుగుగడ్డపై స్థిరపడినవారన్న సంగతి మహారాష్ట్రలోని మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. 1932లో హెచ్.ఎం.రెడ్డి గారి దర్శకత్వంలో మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ తయారైంది కూడా బొంబాయిలోనే. అందులో లీలావతిగా నటించినది సురభి కమలాబాయి. అంటే తెలుగు సినిమా మొదటి మాటలు పలికింది తెలుగునాట కాదు, పొరుగునాట!

ఒక ఇల్లు, ఒక గొడుగు

ఉదాహరణకి హోసూరులో ఓ ఇల్లు అనుకుందాం. చీటీలో హాస్యం వచ్చింది. పాత్ర పోస్టుమాన్. వస్తువు గొడుగు. డైలాగు "ఇప్పుడే వస్తాను." ఆ ఇంట్లో ఉన్నది అవ్వ, సెలవులకు బెంగుళూరు నుంచి వచ్చిన మనవడు, పక్కింటి మామ. నలుగురు స్నేహితులు కూర్చుని కథ అల్లాలి.

అవ్వకు తెలుగులో ఉత్తరం వచ్చింది. ఆమె కళ్ళజోడు విరిగిపోయింది. అక్షరాలు వచ్చుగానీ కనబడవు. మనవడికి కళ్ళు బాగానే కనబడతాయి, కానీ చదివింది కన్నడం, ఇంగ్లీషు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. పోనీ పోస్టుమాన్‌ని అడుగుదామంటే ఆయనకు తమిళమే వచ్చు. పరువు పోతుందని "ఇప్పుడే వస్తాను" అంటూ జారుకుంటాడు. చివరికి మనవడు ఒక్కో అక్షరాన్నీ బొమ్మ చూసి వేసినట్టు సుద్దముక్కతో వసారాలో ఇంతింత పెద్దగా దించుతాడు. అవ్వ నడుచుకుంటూ ఒక్కొక్కటే చదువుతుంది. తీరా చూస్తే ఆ ఉత్తరం కృష్ణగిరిలోని ఆమె చెల్లెలిది. "అక్కా, పోయినసారి వచ్చినప్పుడు నా గొడుగు మీ ఇంట్లోనే మరిచిపోయినాను." సినిమా మొదలైనప్పటినుంచీ మనవడు ఆడుకుంటున్నది ఆ గొడుగుతోనే!

ముగ్గురు నటులు, ఒక వసారా, ఒక సుద్దముక్క. ఖర్చేముంది? ఫైట్లు లేవు, విదేశాల్లో పాటలు లేవు. గడువు తక్కువ కాబట్టే కథ ఇంటి గడప దాటి పోలేదు. అలా పోలేదు కాబట్టే అది మన కథ అయింది.

గంటల లెక్క

శుక్రవారం రాత్రి 7కి మొదలుపెడితే 11కల్లా కథ తేలిపోవాలి. అప్పటిదాకా అందరి మాటా వినాలి. ఆ తర్వాత దర్శకుడి మాటే వినాలి. స్నేహాలు చెడేది సాధారణంగా ఇక్కడే. అందుకని దర్శకుడెవరో చీటీ తీయకముందే తేల్చుకోవడం మంచిది.

స్క్రిప్టు ఒక పేజీ అంటే తెరమీద సుమారు ఒక నిమిషం. అయిదు పేజీలు దాటనివ్వకండి. రాసే అమ్మాయికి తెలుగు లిపి రాదా? ఏమీ ఫరవాలేదు. కన్నడ, తమిళ, ఒరియా, దేవనాగరి, ఇంగ్లీషు ఏ లిపిలోనైనా రాసుకోనివ్వండి. పలికేది తెలుగైతే చాలు. రాసుకున్నాక కొన్ని గంటలైనా నిద్రపోవాలి. రాత్రంతా జాగారం చేసిన జట్టు శనివారం మధ్యాహ్నానికి కుర్చీల్లో కునికిపాట్లు పడుతుంది.

శనివారం ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా షూటింగు. వెలుతురు ఉన్నంతసేపూ కిటికీ దగ్గర, వసారాలో తీసుకుంటే లైట్ల బాధ లేదు. ఒక చోట తీయవలసినవన్నీ వరసగా తీసేసుకోవాలి. కథలో ముందొచ్చేది ముందు తీయాలని లేదు. సాయంత్రం నుంచే ఎడిటింగు మొదలుపెట్టి, ఆదివారం మధ్యాహ్నం 12కల్లా దృశ్యాల కూర్పు ముగించాలి. ఆపైన శబ్దం, సంగీతం, పేర్లు, అడుగున ఇంగ్లీషు తర్జుమా. సాయంత్రం 4కి సినిమాను ఒకే ఫైలుగా కంప్యూటరు తయారుచేయడం మొదలెట్టాలి. దానికి ఎంతసేపు పడుతుందో, మధ్యలో ఎక్కడ మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ మూడు గంటలూ దేవుడికి వదిలేసిన గంటలు!

స్నేహితుల్లో కన్నడ పిల్లాడో, తమిళ అమ్మాయో ఉంటే కెమెరా వాళ్ళ చేతికివ్వండి. భాష తెలియనివారికి ముఖంలో భావం ఇంకా బాగా కనబడుతుంది. అడుగున తర్జుమా సరిగా ఉందా లేదా చెప్పగలిగేదీ వాళ్ళే.

అవ్వకు డైలాగు రాసివ్వకండి

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. పిల్లలు రాసిన స్క్రిప్టులో "ఈ ఉత్తరం ఎవరు వ్రాశారో నాకు కనిపించుటలేదు" అని ఉంటుంది. ఆ కాగితం అవ్వ చేతికిచ్చి బట్టీ పట్టమంటే ఆమె బిగుసుకుపోతుంది. దానికి బదులు సందర్భం చెప్పండి. "అవ్వా, ఉత్తరం వచ్చింది. నీకు కనబడదు. వాడిని అడుగు" అనండి. కెమెరా నడుస్తూ ఉండగా ఆవిడ, "కండ్లు కనపడవు కదరా నాయనా, నువ్వే సదువు" అంటుంది. ఆ మాటను ఏ రచయితా రాయలేడు. ఒకటి రెండు టేకులు చాలు. అంతకు మించితే ఆమె విసుక్కుంటుంది. ఆ విసుగు కూడా తీసి పెట్టుకోండి, పనికొస్తుంది!

హోసూరులో ‘వస్తా ఉండాను’ అంటారు. బరంపురంలో మాట మధ్య ఒరియా పదం పడుతుంది, షోలాపూరు నేతగాళ్ళ ఇళ్ళలో మరాఠీ కలుస్తుంది. యానాంలో గోదావరి యాస సరేసరి. ఇవి పుస్తకాల్లో దొరికే తెలుగులు కావు. ఇంట్లో పెద్దవాళ్ళ నోట ఉన్నవి. మన పిల్లలు ఆ తెలుగు మాట్లాడడానికి సిగ్గుపడతారు. సినిమాల్లో వినే తెలుగే సరైనదనుకుంటారు. తీరికగా సినిమా తీస్తే ఆ మాటల్ని దిద్దాలనిపిస్తుంది. గంటలు తరుముకొస్తున్నప్పుడు దిద్దే వ్యవధి ఉండదు. ఉన్నమాట ఉన్నట్టు తెరకెక్కుతుంది. ఆదివారం రాత్రి నలుగురూ చూసి నవ్వి చప్పట్లు కొట్టినప్పుడు, ఆ యాసకు తొలిసారి గౌరవం దక్కుతుంది.

నాలుగు జాగ్రత్తలు

శబ్దం: బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినబడకపోతే లేచిపోతారు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి. కుక్కర్ కూతలు అయ్యేదాకా ఆగండి. రెండో ఫోను మాట్లాడేవారికి దగ్గరగా దాచిపెట్టి దాంట్లో గొంతు రికార్డు చేయండి. షూటింగు అయ్యాక ఫ్రిజ్ తిరిగి వేయడం మరవకండి!

ఫోను: అడ్డంగా పట్టుకోండి. ఫోన్‌కాల్స్ రాకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మామూలు 1080 వీడియోకు ఫోనును బట్టి నిమిషానికి 60 నుంచి 130 మెగాబైట్ల దాకా చోటు కావాలి. రెండు గంటల చిత్రీకరణకు 16 గిగాబైట్లు ఖాళీ ఉంచుకుంటే నిశ్చింత. మధ్యాహ్నం భోజనాల వేళ ఒకసారి కంప్యూటరులోకి ఎక్కించండి.

పాటలు: సినిమా పాట పెట్టకండి. హక్కులు వేరొకరివి, పోటీలో తిరస్కరిస్తారు. మీ పిన్నిగారు తీసిన కూనిరాగం, మీ తమ్ముడి మృదంగం అంతకన్నా బాగుంటాయి.

అనుమతి: రైల్వేస్టేషన్లాంటి చోట్ల ముందుగా అనుమతి తీసుకోనిదే తీయకూడదు. ఇతరుల పిల్లల్ని చూపించాలంటే వారి తల్లిదండ్రుల్ని అడగండి.

తీరిక దొరికినప్పుడు...

"ఇంత హడావుడి ఎందుకు? తీరిక దొరికినప్పుడు నిదానంగా, బాగా తీయొచ్చుగా?" అని కొందరు అడుగుతారు. తీయొచ్చు. కానీ మన ఇళ్ళలో తీరిక దొరికినప్పుడు చేద్దామనుకున్న పనుల జాబితా ఒకసారి గుర్తు చేసుకోండి. తాతగారు ఈ ఊరికి ఎలా వచ్చారో చెప్పించి రాసుకుందామనుకున్నాం. నాయనమ్మ పాడే పెళ్ళిపాటలు రికార్డు చేద్దామనుకున్నాం. పిల్లల పరీక్షలు కానీ, వేసవి రానీ అనుకున్నాం. వేసవులు వచ్చాయి, పోయాయి. పాడేవారు ఉండి ఉండి ఒకరోజు లేకుండా పోయారు. గడువు పెట్టుకోని పని ఇంట్లో ఏనాటికీ పూర్తికాదు. గడువు పెట్టుకున్న పని, లోపాలతోనైనా సరే, పూర్తవుతుంది.

అందుకే పోటీ అయిపోయాక కూడా చేయవలసిన పని ఒకటుంది. ఎడిటింగులో తీసేసిన ముక్కల్ని చెరిపేయకండి. అవ్వ తడబడినవి, నవ్వినవి, "ఇంక చాలురా" అన్నవి అన్నీ ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ అని పేరు పెట్టి రెండు చోట్ల భద్రం చేయండి. అయిదు నిమిషాల సినిమాను ఏడాది తర్వాత ఎవరైనా చూస్తారో లేదో కానీ, ఆ ముక్కల్ని మాత్రం ఇరవై ఏళ్ళ తర్వాత మీ పిల్లలు వెతుక్కుంటారు.

పెద్ద పోటీలకే పోనక్కర్లేదు. మన సంఘాలే ఉగాదికి ముందు ఒక శుక్రవారం ఎంచుకుని చీటీలు తీయవచ్చు. ఒక పాత్ర, ఒక వస్తువు, ఒక డైలాగు ఇచ్చి, ప్రతి జట్టులో అరవై దాటినవారు ఒకరైనా ఉండాలని ఒక్క నియమం చేరిస్తే చాలు. ఉగాది పచ్చడి తిన్నాక హాల్లో అందరూ కూర్చుని వరసగా ఆ సినిమాలు చూడవచ్చు. కావలసింది ఒక ఫోను, నలుగురు స్నేహితులు, క్యాలెండరులో గుర్తు పెట్టుకున్న ఒక తేదీ. మొదటి రెండూ మన దగ్గర ఉన్నాయి. ఆ తేదీ ఒక్కటే ఇంక పెట్టుకోవాలి.