ఖతీఫ్‌లో బరువు తగ్గించే ఆపరేషన్: కిలోలకు అవతలి లెక్క

సౌదీ అరేబియా తూర్పు తీరంలో, దమ్మామ్‌కు దగ్గరలో, ఖర్జూర తోటలకు పేరుపొందిన ఒయాసిస్ ఖతీఫ్. ఆ దేశంలో, ఎర్ర రక్తకణాలను కొడవలిలా వంచే సికిల్ సెల్ వ్యాధి జన్యువు ఎక్కువగా కనిపించే ప్రాంతాల్లో ఇదొకటి. పెళ్లికి ముందు ఈ వ్యాధికి రక్తపరీక్ష చేయించుకోవడం సౌదీలో 2004 నుంచి తప్పనిసరి. మన ఆదిలాబాద్, పాడేరు ఆదివాసుల్లోనూ ఈ జన్యువు ఉంది. తూర్పు సౌదీలో కనిపించే జన్యురూపాన్ని శాస్త్రజ్ఞులు అరబ్-ఇండియన్ రకం అంటారు. కాబట్టి ఖతీఫ్ సంగతి మనకు పరాయిది కాదు.

సికిల్ సెల్ ఇలా ఉండగా, గల్ఫ్ దేశాల్లో స్థూలకాయం కూడా తీవ్ర సమస్య. సౌదీలో దానికి ఎక్కువగా చేసే ఆపరేషన్ స్లీవ్. జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం నిలువునా కోసి తీసేస్తారు. అరటికాయలాంటి సన్నని గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన భాగంలోనే. పేగుల జోలికి వెళ్లరు. బరువు తగ్గించే మరో ఆపరేషన్ బైపాస్‌లో జీర్ణాశయం పైకొసన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే సంచి చేసి, దాన్ని చిన్నపేగు మధ్య భాగానికి కలుపుతారు. తిన్నది మిగతా జీర్ణాశయాన్నీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ తప్పించుకుని పోతుంది. ఇనుము, కాల్షియం ఎక్కువగా ఒంటబట్టేది ఆ మొదటి భాగంలోనే.

ఫిన్లాండ్‌లో ఈ రెండింటినీ పోల్చిన స్లీవ్‌పాస్ అధ్యయనం పదేళ్ల ఫలితాలు 2022లో వెలువడ్డాయి. అదనపు బరువులో స్లీవ్‌తో 43.5 శాతం, బైపాస్‌తో 50.7 శాతం తగ్గింది. ఆమ్లం ఎగదన్ని అన్నవాహిక వాయడం మాత్రం స్లీవ్ వారిలో 31 శాతం, బైపాస్ వారిలో 7 శాతం. గుండెల్లో మంట ఉన్నవారికి వైద్యులు సాధారణంగా బైపాస్ వైపే మొగ్గడానికి కారణం ఇదే.

సికిల్ సెల్ రోగి దగ్గరికి వచ్చేసరికి తూకం మారుతుంది. నొప్పుల దాడి వచ్చినప్పుడు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు బైపాస్ తర్వాత కొత్త అతుకు దగ్గర పుండు తెచ్చిపెట్టవచ్చు. నొప్పి జీవితాంతం వెంట ఉండే మనిషికి ఆ మాత్రలు మానెయ్యమనడం చిన్న మాట కాదు. ఈ ఒక్క కారణం చాలు, అలాంటి రోగి విషయంలో స్లీవ్‌ను ముందుగా ఆలోచించాలని నా అభిప్రాయం. ఇనుము సంగతీ అంతే. ఆపరేషన్ అయినవారికి మామూలుగా ఇనుము మాత్రలు రాస్తారు. పదేపదే రక్తం ఎక్కించుకున్నవారి ఒంట్లో అప్పటికే ఇనుము పేరుకుని ఉండవచ్చు. ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష చూడకుండా మాత్ర ఇవ్వకూడదు. సికిల్ సెల్ వల్ల పిత్తాశయంలో రాళ్లు వస్తాయి, వేగంగా బరువు తగ్గినా వస్తాయి. అందుకే ముందే స్కానింగ్ అవసరం.

అన్నిటికన్నా కష్టమైనది నీళ్ల విషయం. ఆపరేషన్ తర్వాత తొలి నెలల్లో గ్లాసెడు నీళ్లు ఒక్కసారి తాగలేరు, గుక్కగుక్కగా రోజంతా తాగాలి. ఒంట్లో నీరు తగ్గితే సికిల్ కణాలు కొడవలిలా వంగి రక్తనాళాలకు అడ్డుపడతాయి. ఖతీఫ్ ఎండ సామాన్యమైనది కాదు: జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించడాన్ని సౌదీ ప్రభుత్వమే నిషేధించింది. రంజాన్ ఉపవాసం ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టవచ్చో వైద్యుడే చెప్పాలి. ఉపవాసం విడిచే ఖర్జూరంలో చక్కెర ఎక్కువ. బైపాస్ అయినవారు నాలుగైదు ఒకేసారి తింటే చెమటలు, గుండెదడ, విరేచనాలు రావచ్చు.

గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఈ ఆపరేషన్ చేయించుకోవాలనుకునే తెలుగువారికి నా విన్నపం ఇది. ఎన్ని కిలోలు తగ్గుతామన్నది తర్వాత అడగండి. ముందు సికిల్ సెల్ పరీక్ష చేయించుకోండి. వాడుతున్న నొప్పి మాత్రల పేర్లన్నీ సర్జన్‌కు చెప్పండి. తిరిగి వెళ్లాక బి12, ఫెరిటిన్, విటమిన్ డి పరీక్షలు అక్కడ ఏ ఆసుపత్రిలో చేయించుకోవాలో టికెట్ కొనకముందే తేల్చుకోండి. ఆ పరీక్షలు జీవితాంతం చేయించుకుంటూనే ఉండాలి.