లారీలకు ఏ నూనె?

తలంటుకు నువ్వుల నూనె, పోపుకు వేరుశనగ నూనె, దీపానికి ఆముదం! ఏ నూనె ఎక్కడ వాడాలో మన ఇళ్లలో ఆడవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. మోటారు బండి దగ్గరకు వచ్చేసరికి మాత్రం మగవాళ్లం, "జిడ్డుగా ఉంటే చాలదా?" అంటాం.

విజయవాడ గొల్లపూడి టోకు మార్కెట్టు నుంచి కిరాణా కొట్లకు సరుకు చేరవేసే చిన్న పెట్రోలు లారీలు మా అన్నదమ్ములకు తొమ్మిది ఉన్నాయి. వాటి మీద తొమ్మిదిమంది డ్రైవర్ల సంసారాలూ, మా రెండు సంసారాలూ నడుస్తున్నాయి. పోయిన వేసవిలో మా తమ్ముడొక సలహా తెచ్చాడు.

"అన్నయ్యా, డీజిలు లారీల ఆయిలు పీపాల్లో చౌకగా వస్తోంది. అన్నిటికీ అదే పోసేద్దాం."

లీటరుకు వంద మిగిలినా, బండికి మూడేసి లీటర్ల చొప్పున ఒక్కసారికి 2,700 రూపాయలు. మాట వినసొంపుగానే ఉంది. అయినా ముందు డబ్బా మీది అక్షరాలు చదువుదామన్నాను.

ఏ.పి.ఐ. గుర్తులో 'ఎస్'తో మొదలయ్యేది పెట్రోలు ఇంజనుకు, 'సి'తో మొదలయ్యేది డీజిలుకు. పెట్రోలు నూనెల్లో 'ఎస్.పి.' రకం 2020లో వచ్చింది. రెండు గుర్తులూ ఉన్న డబ్బాల సంగతి వేరు. కేవలం డీజిలు కోసం చేసిన నూనెల్లో అరుగుదలను ఆపే భాస్వరపు మందు సాధారణంగా ఎక్కువ. ఇంజనులో నూనె కొద్దికొద్దిగా కాలుతూనే ఉంటుంది కదా! ఆ భాస్వరం పొగను శుద్ధిచేసే కన్వర్టరుకు పట్టి, దాన్ని మెల్లగా పాడుచేస్తుంది. దాని ఖరీదు ముందు 2,700 ఏపాటి?

ఇక '10డబ్ల్యూ-30' వంటి అంకెలు. డబ్ల్యూ అంటే చలికాలం. మొదటి అంకె చలిలో పారే గుణానికీ, రెండోది నూరు డిగ్రీల వేడిలో ఉండే చిక్కదనానికీ గుర్తు.

"మన రోహిణీకార్తెకు ఇంకా చిక్కటిది కావాలండీ" అన్నాడు మెకానిక్కు. బయట ఎండ ఎంత ఉన్నా, ఇంజను వేడిని అదుపులో ఉంచడానికి థర్మోస్టాటూ, రేడియేటరూ ఉన్నాయి. అవసరానికి మించి చిక్కటి నూనె పొద్దున్నే పైదాకా ఎక్కడానికి ఆలస్యం చేస్తుంది, పెట్రోలూ తాగిస్తుంది. కంపెనీ పుస్తకంలో ఏ అంకె ఉంటే అదే పోయాలి.

నూనె నల్లబడితే కల్తీ అనుకోకండి. మసిని తనలో కలుపుకోవడం దాని పనే! మూత అడుగున మజ్జిగలాంటి తెల్లటి తెట్టె కనబడితే మాత్రం నీరు చేరిందన్నమాట. కొట్టుకొట్టుకూ ఆగుతూ కొద్ది దూరాలే తిరిగే బళ్లలో ఇది సహజం. అదే పనిగా కనబడుతుంటే మెకానిక్కుకు చూపించవలసిందే. ఇటువంటి బళ్లకు మైళ్లతోపాటు నెలలూ లెక్కపెట్టి, నూనె పెందలాడే మార్చాలి.

తమ్ముడు ఒప్పుకున్నాడు. ఇప్పుడు సీలు డబ్బాలే కొంటున్నాం. ఖాళీ డబ్బాలలో నకిలీ సరుకు చేరకుండా వాటికి చిల్లు పొడిచిగాని పారవేయం. డ్రైవర్లు వారానికోసారి చదును నేల మీద బండి ఆపి, కాసేపాగి, పుల్ల తీసి మట్టం చూసి పుస్తకంలో రాస్తున్నారు.

తీసేసిన నూనెను మురుగు కాలవలో పోయక, అనుమతి ఉన్న శుద్ధి కర్మాగారం వారికే ఇస్తున్నాం. లారీ తాగి విడిచిన నూనె మనం తాగే నీళ్లలో కలవకూడదు కదండీ!