బత్తాయి: టన్ను లెక్కన కొనుగోలు, రసం లెక్కన లాభం

మెదక్: ఈ పట్టణ వర్తకులకు వడ్లు, బియ్యం ఇంటి సరుకు, బత్తాయి దారి సరుకు. మంజీర మీది ఘనపురం ఆనకట్ట కింద ముఖ్యంగా పండేది వరి గనుక, ఇక్కడి పండ్ల దుకాణాలకు, రసం బండ్లకు కావలసిన కాయ చాలావరకు నల్లగొండ తోటల నుంచి, రాయలసీమ నుంచి లారీల మీద రావలసిందే. ధరకు హైదరాబాదు వైపే చూడవలసి వుంటుంది. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు బాటసింగారానికి తరలిన తరువాత కూడ ఈ పద్ధతిలో మార్పు లేదు. అక్కడ రాక పెరిగితే ఇక్కడ ధర మెత్తబడుతుంది. అక్కడ రాక సన్నగిల్లితే ఇక్కడ బిగుస్తుంది.

అయితే ఈ సరుకుకు వున్న చిక్కు ధరలో కంటె కాలంలో ఎక్కువ వున్నది. జనవరి, ఫిబ్రవరి పూతకు వచ్చే సీజన్ కాయ ఆగస్టు మొదలు నవంబరు వరకు మార్కెట్లను ముంచెత్తుతుంది. అది వానలు, చలి మొదలయ్యే రోజులు; రసానికి గిరాకీ మందంగా వుండే కాలం. శివరాత్రికి ఏడుపాయల జాతర ముగిసి ఎండ ముదిరే వేళకు గిరాకీ పుంజుకుంటుంది. అప్పుడు దొరికేది కత్తెర కాయ. అది జూన్, జూలై పూతకు వచ్చేది. దిగుబడి తక్కువ, ధర ఎక్కువ. కాయ వున్నప్పుడు తాగేవాడు లేడు. తాగేవాడు వచ్చేసరికి కాయ లేదు. సీజన్‌లో ధర పడిపోయిన ప్రతిసారి రైతుల నుంచి, కమీషను ఏజెంట్ల నుంచి ఒకే మాట వినవస్తుంది: రసం ఫ్యాక్టరీ వుంటే ఈ గతి పట్టదు గదా అని. ఈ మాటలో నిజమెంతో లెక్క వేసి చూడవలసి వున్నది.

ఫ్యాక్టరీలో జరిగేది

కాయ ఫ్యాక్టరీకి చేరగానే కడిగి, కుళ్లినవి ఏరివేసి, పరిమాణం ప్రకారం వేరుచేస్తారు. యంత్రం ఒక్కొక్క కాయను పిండి రసాన్ని ఒక దారిన, తొక్కను మరో దారిన పంపుతుంది. తొక్కలోని నూనెను నీటితో కడిగి విడిగా తీస్తారు. సువాసన ద్రవ్యాలకు, శుభ్రపరచే ద్రావకాలకు దానికి మంచి గిరాకీ. మిగిలిన తొక్క ఎండి పశువుల దాణా అవుతుంది. రసాన్ని జల్లెడ పట్టి, క్షణాలపాటు 90 డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా వేడిచేస్తారు. దీనివల్ల సూక్ష్మజీవులు నశించడమే గాక, రసాన్ని తేటగా విడగొట్టే ఎంజైము కూడ పనిచేయకుండా పోతుంది. తరువాత గాలి ఒత్తిడి తగ్గించిన గదులలో నీటిని ఆవిరిగా లాగివేస్తారు. మిగిలేది తేనెవంటి గాఢరసం.

ఈ వ్యాపారంలో కొలమానం బ్రిక్స్. నూరు పాళ్ల రసంలో కరిగివున్న చక్కెర మొదలైన ఘనపదార్థం ఎన్ని పాళ్లో చెప్పేదే బ్రిక్స్. 66 బ్రిక్స్ గల గాఢరసం కిలో తీసుకుని నీరు కలిపితే 11.8 బ్రిక్స్ రసం సుమారు ఐదున్నర కిలోలు వస్తుంది. గడ్డకట్టే చలిలో గాఢరసం నెలల తరబడి నిలుస్తుంది. సీజన్ కాయను వేసవికి చేర్చే మార్గం ఇదే.

ఈ పద్ధతిని 1940ల దశకంలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో శాస్త్రజ్ఞులు సిద్ధం చేశారు. సరుకు నిలవ వుండడం మొదలైన తరువాత వాయిదా బేరాలు రావడం సహజం. 1966లో న్యూయార్క్ పత్తి ఎక్స్చేంజిలో గడ్డకట్టిన నారింజ గాఢరసానికి వాయిదా బేరాలు ఆరంభమైనవి. ఒక కాంట్రాక్టు 15,000 పౌన్లు. అది రసం తూకం కాదు, ఘనపదార్థం తూకం. అంటే మామూలు రసంగా చూస్తే సుమారు 57 టన్నులు. మన ఎక్స్చేంజీలలో ఈ సరుకుకు వాయిదా బేరం లేదు. కాని ప్రపంచ ధర ఎటు పోతున్నదో తెలిసేది అక్కడే.

మంచు, తెగులు, ధర

ఆ మార్కెట్టును నడిపించేవి రెండు: ఫ్లోరిడా మంచు, బ్రెజిల్ దిగుబడి. 1962 డిసెంబరులో పడిన మంచు ఫ్లోరిడా తోటలను దెబ్బతీయగా, ఆ ఖాళీలోకి బ్రెజిల్ ప్రవేశించి, క్రమంగా ప్రపంచ నారింజరసం ఎగుమతులలో అత్యధిక భాగాన్ని చేజిక్కించుకున్నది. 2005లో ఫ్లోరిడాలో సిట్రస్ గ్రీనింగ్ తెగులు కనిపించింది. చిన్న పురుగు వ్యాపింపజేసే ఈ తెగులుకు మందు లేదు. 1997-98లో 24 కోట్ల పెట్టెలు దాటిన అక్కడి నారింజ దిగుబడి 2023-24 నాటికి 2 కోట్ల పెట్టెల లోపుకు దిగజారింది. బ్రెజిల్‌లోనూ ఎండలు, ఇదే తెగులు దెబ్బతీయగా 2024 చివర పౌను ఘనపదార్థం ధర 5 డాలర్లు దాటి రికార్డు నెలకొల్పింది. 2025లో బ్రెజిల్ దిగుబడిపై ఆశలు పెరగడంతో, హెచ్చు ధరకు కొనుగోలుదారులు వెనుకాడడంతో అందులో సగం కంటె దిగువకు జారింది.

మన కాయ లెక్క

ఇప్పుడు మన బత్తాయిని ఈ తూకంలో పెట్టి చూడవచ్చును. సాత్‌గుడి కాయ టన్నుకు సగం, అంటే 500 కిలోల రసం ఇచ్చిందనుకుందాం. రసం 10 బ్రిక్స్ వుంటే ఘనపదార్థం 50 కిలోలు. కాయ టన్ను 20,000 రూపాయలకు కొంటే ఘనపదార్థం కిలోకు కాయ ఖర్చే 400 రూపాయలు పడుతుంది. కూలి, కరెంటు, డ్రమ్ములు, శీతల గిడ్డంగి, వడ్డీ ఇంకా పైన వున్నవి.

ప్రపంచ ధర పౌను 5 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుంటే ఘనపదార్థం కిలో సుమారు 937 రూపాయలు. అప్పుడు ఫ్యాక్టరీకి గిట్టుబాటు అవకాశం వున్నది. అదే ధర 2 డాలర్లకు దిగితే కిలో 375 రూపాయలే; తొక్క నూనె ఆదాయం కలుపుకున్నా కాయ ఖర్చు రావడం కష్టం. కనుక తినడానికి మంచి ధర పలికే కాయను ఫ్యాక్టరీ కొనలేదు. దానికి అందుబాటులో వుండేది మచ్చ కాయ, చిన్న కాయ, మార్కెట్టులో మిగిలిపోయిన కాయ మాత్రమే. ఫ్యాక్టరీ ధర పడిపోకుండా అడుగున ఒక గట్టు కాగలదు గాని, ధరను పైకి లాగే గుర్రం కాలేదు.

మరొక అడ్డంకి చేదు. పిండిన వెంటనే తీయగా వుండే రసం కొన్ని గంటలు నిలవుంటేనో, వేడిచేస్తేనో చేదెక్కడం ఈ జాతి పండ్లలో తరచు కనిపించే గుణం. లిమోనిన్ అనే పదార్థం దీనికి కారణం. బయటి దేశాల ఫ్యాక్టరీలు ఎక్కువగా వాడే వాలెన్షియా రకంలో ఇది స్వల్పం. చేదు తీసే యంత్రసామగ్రి వున్నది గాని అది మరో ఖర్చు. అప్పటికప్పుడు పిండి ఇచ్చే బండి మీద మన బత్తాయికి సాటి లేదు. డ్రమ్ములోకి ఎక్కితే దాని బలం తగ్గుతుంది.

గ్లాసులో బలమెంత

రసం గిరాకీకి మూలం ఆరోగ్యంపై వున్న నమ్మకం. అది చాలావరకు సమంజసమే. నారింజ రసం 100 గ్రాములలో సుమారు 50 మిల్లీగ్రాముల సి విటమిన్ వుంటుంది. భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించిన రోజువారీ మోతాదు పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు. అంటే ఒక మోస్తరు గ్లాసుతో ఆ రోజు అవసరం తీరుతుంది. పొటాషియం, ఫోలేట్ కూడ లభిస్తాయి. భోజనంతోపాటు తీసుకుంటే పప్పు, ఆకుకూరలలోని ఇనుము వంటికి పట్టడానికి సి విటమిన్ తోడ్పడుతుంది.

అయితే 250 మిల్లీలీటర్ల గ్లాసులో పండు చక్కెరే 20 గ్రాములకు పైగా, శక్తి 110 కేలరీలకు పైగా వుంటుంది. బండి మీద కలిపే పంచదార దీనికి అదనం. పండు తింటే 100 గ్రాములకు 2 గ్రాములకు పైగా లభించే పీచు, వడగట్టిన రసంలో దాదాపు మాయమవుతుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనలు రసం కంటె పండుకే ఓటు వేసినవి. మధుమేహం వున్నవారికి పండే మేలు.

డబ్బా రసం వర్తకులు మరో సంగతి గమనించవలెను. గాఢరసానికి నీరు కలిపి చేసిన సరుకుపై నూటికి నూరు పాళ్లు పండ్లరసమని రాయరాదని 2024 జూన్‌లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. కిలోకు 15 గ్రాములకు మించి తీపి కలిపితే, తీపి కలిపిన రసమని తెలపాలి.

కొనుగోలుదారు చేయదగినది

పై లెక్కల సారాంశం ఒకటే: కాయకు ధర కట్టేది తూకం, లాభం తెచ్చేది రసం. పైకి నిగనిగలాడే పెద్ద కాయలో తొక్క మందం వుండవచ్చు. ఒక లాటు నూటికి 50 పాళ్ల రసం, మరో లాటు 40 పాళ్లు ఇస్తే, మొదటిది టన్ను 20,000 రూపాయలు చేసినప్పుడు రెండవది రసం బండికి 16,000 రూపాయలే చేస్తుంది. పది టన్నుల లారీపై తేడా 40,000 రూపాయలు. తరుగు మీద, కమీషను మీద గంటల తరబడి జరిగే వాదులాటలో ఈ తేడా తరచు ఎవరికీ పట్టడం లేదు.

దీనికి పెద్ద సాధనాలు అక్కరలేదు. లాటులో అక్కడక్కడ నుంచి పది కాయలు తీసి, తూచి, పిండి, రసాన్ని తూచితే పాళ్లు తెలిసిపోతాయి. చేతిలో పట్టే బ్రిక్స్ మీటరులో రెండు చుక్కలు వేస్తే తీపి కూడ తేలుతుంది. రసం పాళ్లను బట్టి ధర కట్టే అలవాటు మార్కెట్టులో పాతుకుంటే, పలుచని తొక్కతో పండించిన రైతుకు రెండు రాళ్లు ఎక్కువ ముడతాయి. మెదక్ వంటి పట్టణాల వర్తకులకు లారీ దిగకముందే తమ లాభమెంతో తెలుస్తుంది. రానున్న సీజన్‌లో రాక వత్తిడి ఎప్పటివలెనే వుండవచ్చు; పది కాయలు పిండి చూసి కొన్నవారికి ఆ వత్తిడి కొంత తేలికగా వుంటుంది.