తక్కెడ తాడు కనిపిస్తూనే ఉంటుంది

నాటకాన్ని పంచమవేదమన్నారు పెద్దలు. ఋగ్వేదం నుంచి పాఠ్యాన్ని, సామవేదం నుంచి గీతాన్ని, యజుర్వేదం నుంచి అభినయాన్ని, అథర్వవేదం నుంచి రసాన్ని గ్రహించి బ్రహ్మదేవుడు నాట్యవేదాన్ని సృజించాడని భరతముని తన నాట్యశాస్త్రం ప్రథమాధ్యాయంలోనే చెప్పాడు. ఈ మాట మీరు ఎన్నో సభల్లో విని ఉంటారు. కాని దాని రుచి తెలియాలంటే ఏ శివరాత్రి జాగారం నాడో, శ్రీరామనవమి పందిట్లోనో చాప పరచుకుని, హార్మోనియం శ్రుతి మొదలైన దగ్గర నుంచి మంగళం పాడే దాకా కూర్చోవాలి. నేను నటుణ్ణి కాను, కవిని అంతకన్నా కాను. నలభై ఏళ్ళుగా పద్యనాటకాలు చూస్తున్న సామాన్య ప్రేక్షకుణ్ణి. ఆ హక్కుతోనే ఈ నాలుగు మాటలు మీతో పంచుకుంటున్నాను.

తెర లేవకముందే నాటకం మొదలవుతుందని గమనించారా? లోపల టెంకాయ కొట్టిన చప్పుడు వినిపిస్తుంది. సాంబ్రాణి పొగ తెర అంచుల నుంచి బయటికి వస్తుంది. ఆపైన పాత్రధారులందరూ వేషాలతోనే చేతులు జోడించి వరుసగా నిలబడి పరబ్రహ్మ ప్రార్థన చేస్తారు. దుర్యోధనుడి పక్కన ధర్మరాజు, శకుని పక్కన శ్రీకృష్ణుడు! కాసేపట్లో ఒకరినొకరు కత్తులు దూసుకోబోయేవారు ఒకే శ్రుతిలో ఒకే దైవాన్ని స్తుతిస్తారు. ఆ కొద్ది నిమిషాల కోసమే నేను పెందలాడే వెళ్ళి కూర్చుంటాను.

ముత్తరాజు సుబ్బారావుగారి 'శ్రీకృష్ణ తులాభారం' మీకు తెలిసిన కథే. నారదుని మాట విని సత్యభామ భర్తను దానమిస్తుంది. తిరిగి పొందడానికి ఆయన ఎత్తు ధనం తూచబోతుంది. భండారమంతా పోసినా స్వామి కూర్చున్న సిబ్బి నేల విడువదు. రుక్మిణి వచ్చి ఒక్క తులసీదళం ఉంచితే సరితూగుతుంది. కోస్తాలో ఒక పల్లెటూరి పందిట్లో ఈ నాటకం చూశాను. తక్కెడను దూలానికి కట్టిన తాడు స్పష్టంగా కనిపిస్తోంది. తెర పక్కన నిలబడి ఆ తాడు లాగవలసిన మనిషి మోచేయి కూడా కనిపిస్తోంది. రుక్మిణి పాత్రధారిణి కళ్ళు మూసుకుని తులసి దళాన్ని ఉంచగానే సిబ్బి ఒక కుదుపుతో పైకి లేచింది. కుదుపు కాస్త ఎక్కువే కావడంతో కృష్ణుడు కిరీటం పట్టుకోవలసి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. నా ముందు వరుసలోని స్త్రీలందరూ ఒక్కసారిగా చేతులు జోడించారు. వారికి తాడు కనబడలేదనుకోకండి. నాకు కనబడినట్లే వారికీ కనబడింది. తాడు లాగినవాడు ఆ ఊరివాడే కనుక ఎవరు లాగారో కూడా వారికి తెలుసు. అయినా చేతులు జోడించారు. పౌరాణిక నాటకం గురించి నాకు తెలిసినదంతా ఆ ఒక్క క్షణంలో ఉందనిపిస్తుంది.

ఈ నాటకంలో సత్యభామగా స్థానం నరసింహారావుగారు పొందిన కీర్తి మీకు చెప్పనక్కరలేదు. పురుషుడై ఉండి స్త్రీ పాత్రకు ప్రాణం పోసిన ఆ మహానటుణ్ణి భారత ప్రభుత్వం 1956లో పద్మశ్రీతో గౌరవించింది. కూచిపూడి భామాకలాపంలోనూ అంతే. సిద్ధేంద్రయోగి సంప్రదాయంలో ఆ ఊరి భాగవతుల ఇళ్ళలో పుట్టిన ప్రతి మగబిడ్డ జీవితంలో ఒక్కసారైనా భామ వేషం కట్టాలన్నది నియమం. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ పాత్రకే అంకితమై 1970లో పద్మశ్రీ అందుకున్నారు. తెర మీదుగా జడ వేసి భామ ప్రవేశించే ఘట్టం చూడండి. ముఖం ఇంకా కనబడదు. ఆ జడ ఒక్కటే ఆమె అతిశయాన్నంతా చెబుతుంది. కాసేపటికి అదే స్త్రీ స్వామి దర్శనానికై మాధవిని బతిమాలుకుంటుంది. భక్తుని అహంకారం కరిగే క్రమాన్ని ఇంతకన్నా సూటిగా చెప్పిన ప్రవచనాన్ని నేను వినలేదు.

తాడు సంగతి ఎత్తాను కనుక సురభి వారిని తలచుకోకుండా ఉండలేను. తోలుబొమ్మలాట ఆడించే కుటుంబాల వారు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' ప్రదర్శించారు. వనారస గోవిందరావుగారి పేరు అప్పటి నుంచే ఆ నాటక సమాజంతో ముడివడి ఉంది. మిగిలిన సమాజాల్లో పురుషులే ఆడవేషాలు కట్టే రోజుల్లో వీరి ఇంటి స్త్రీలు రంగస్థలమెక్కారు. తెలుగువారి తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైనప్పుడు అందులో లీలావతిగా నటించినది సురభి కమలాబాయి గారే. అంటే మన సినిమా పుట్టింది కూడా ఈ నాటకాల పందిట్లోనే.

సురభి వారి 'మాయాబజార్'లో వంటకాలు ఘటోత్కచుని నోట్లోకి వాటంతటవే ఎగిరి వస్తాయి. బాణాలు ఆకాశంలో ఢీకొంటాయి. మేఘాల్లోంచి నారదుడు దిగుతాడు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళాతోరణంలో ఈ నాటకం చూస్తున్నప్పుడు పక్కనున్న పిల్లవాడు లడ్డూకు కట్టిన దారాన్ని వేలితో చూపించి వాళ్ళమ్మను పిలిచాడు. మరుక్షణంలో ఆ లడ్డూ ఎగిరింది. వాడు దారం మాట మరచిపోయి చప్పట్లు కొట్టాడు. టీవీ సీరియళ్ళలో దేవతలు ప్రత్యక్షమయ్యేటప్పుడు ఏ దారమూ కనబడదు. అంతా నున్నగా, లోపం లేకుండా ఉంటుంది. మరి మన ఇళ్ళలో టీవీ ముందు ఎంతమంది చేతులు జోడిస్తున్నారో మీరే చూసుకోండి. లోపం లేని చోట మనం చేయవలసినది ఏదీ మిగలదు. నాటకంలో సగం పని మనది.

ఇక 'కురుక్షేత్రం'. తిరుపతి వేంకటకవుల 'పాండవోద్యోగ విజయాల' పద్యాలే దీనికి ప్రాణం. అవధానాలతో దేశమంతా తిరిగిన ఆ జంటకవులు రాసిన పద్యాలు అక్షరం రానివారి నోట కూడా ఆడాయి. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఒక కృష్ణుడు, గీతోపదేశానికి ఇంకొక కృష్ణుడు రావడం పరిషత్తుల్లోనూ పల్లెల్లోనూ వాడుకే. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటి వారి కంఠాలను పోల్చుకుంటూ తెల్లవార్లూ వాదించుకున్న తరం ఒకటుండేది. ఒకసారి రెండవ కృష్ణుడు రంగం మీదికి రాగానే ఒక చిన్నపిల్ల, "అమ్మా, ఇందాకటి కృష్ణుడేడీ?" అంది. "ఆ సామే ఈ సామి, ఊరుకో తల్లీ" అంది తల్లి. అవతారతత్త్వం మీద నేను విన్న వ్యాఖ్యానాల్లో దీన్ని కూడా చేర్చుకున్నాను.

రాయబారం ఘట్టంలో ఒక్క విషయం మాత్రం నన్ను బాధిస్తుంది. శ్రీకృష్ణుడు హస్తినకు వెళ్ళినది సంధి కోసం. అయిదూళ్ళు చాలునని పాండవుల పక్షాన అడిగే చోటే ఆ ఘట్టానికి గుండెకాయ. కాని 'వన్స్ మోర్'లు పడేది యుద్ధాన్ని వర్ణించి బెదిరించే పద్యాలకు. గాయకుడు చివరి అక్షరం పట్టుకుని మోహన నుంచి కల్యాణికి, అక్కడి నుంచి మరో రాగానికి వెళ్ళి చప్పట్లు పడేదాకా తిరిగి రాడు. రాగాలాపన తప్పని నేననను. 1880లో కందుకూరి వారు ప్రదర్శింపజేసినవి వచన నాటకాలైతే, బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు పాటనూ పద్యాన్నీ రంగం మీదికి తెచ్చి జనాన్ని ఆకట్టుకున్నారు. పద్యం లేకపోతే ఈ నాటకమే లేదు. అయితే మాట అర్థమయ్యాక రాగం రావాలి. మాటను మింగేసిన రాగం విని ఇంటికి వెళితే కంఠం గుర్తుంటుంది, కృష్ణుడు గుర్తుండడు. ఒకచోట పేరు పొందని ఒక వృద్ధ నటుడు అయిదూళ్ళ పద్యాన్ని దాదాపు మాట్లాడినట్లే చెప్పాడు. రాగం ఒక గీతలా ఉండి లేనట్లు సాగింది. చప్పట్లు పడలేదు. పందిరి మాత్రం గాలి ఆగినట్లయింది.

'హరిశ్చంద్ర' కాటిసీను గురించి కొంత ఎక్కువగా చెప్పడానికి అనుమతించండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ఈ నాటకానికి బండారు రామారావు, డి.వి. సుబ్బారావు వంటి వారు తమ జీవితాలనే ధారపోశారు. సత్యం కోసం రాజ్యాన్ని, భార్యాబిడ్డలను వదులుకుని కాటికాపరియైన రాజు శ్మశానంలో ఒంటరిగా నిలబడతాడు. దీపం తగ్గిస్తారు. హార్మోనియం సన్నగా మూలుగుతుంది. అప్పుడు నటుడు పాడే పద్యాలు బలిజేపల్లి వారివి కావు, గుర్రం జాషువా గారి 'శ్మశానవాటి' లోనివి. ఆ కవిత ఈ నాటకం కోసం రాసినది కాదు. నటులు తెచ్చి కలుపుకున్నారు, ప్రేక్షకులు ఇక విడిచిపెట్టలేదు.

ఆలోచించండి. వినుకొండలో పుట్టి, అంటరానితనం చేత అడుగడుగునా అవమానాలు పొందిన కవి ఆయన. రాజును, బిచ్చగాణ్ణి ఒకే మట్టిలో కలిపే చోటు శ్మశానమని ఆయన రాసిన పద్యాలను, వీరబాహుని కొలువులో చేరిన సూర్యవంశపు రాజు నోట మన పల్లెలన్నీ కన్నీళ్ళతో విన్నాయి. ఆ పందిరి దగ్గరే ఒకప్పుడు ఎవరెవరు ఎక్కడ కూర్చోవాలో వేరువేరు చోట్లుండేవి. దూరంగా కూర్చోబెట్టిన వారూ ముందు కూర్చున్న వారూ అవే పద్యాలకు కళ్ళు తుడుచుకున్నారు. పురాణకథలోకి ఈ పద్యాలు పరాయిగా రాలేదు. హరిశ్చంద్రుని కథలో ఉన్న మాటనే జాషువా గారు మరింత బిగ్గరగా చెప్పారు. చిన్నప్పటి నుంచి ఈ ఘట్టం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. లోహితుని శవాన్ని ఒళ్ళో పెట్టుకుని చంద్రమతి వచ్చినప్పుడు కాటిసుంకం అడగవలసిన ఆ తండ్రి గొంతు వణుకుతుందని ముందే తెలుసు. తెలిసి కూడా ప్రతిసారీ అక్కడ తల దించుకుంటాను.

ఇప్పుడు రాత్రంతా సాగే ప్రదర్శనలు అరుదయ్యాయి. పడకసీను, రాయబారం, కాటిసీను అంటూ ముక్కలుగా గంటా గంటన్నరలో ముగించేస్తున్నారు. కాటిసీను ఒక్కటే చూసినవారికి విశ్వామిత్రునికి ఇచ్చిన మాట ఏమిటో తెలియదు. ఆ దుఃఖం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండానే పాట మాత్రం వినిపిస్తుంది. 2020లో కరోనా వల్ల ప్రదర్శనలు నిలిచిపోయినప్పుడు నాటకమే జీవనాధారమైన కుటుంబాలు చాలా ఇబ్బందులు పడ్డాయి. అయినా రంగు డబ్బాలు పారేయలేదు.

మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఉత్సవాలకు నాటకం వేస్తున్నారని తెలిస్తే వెళ్ళండి. పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. వాళ్ళు నిద్రపోయినా ఫర్వాలేదు, కాటిసీనుకు లేపవచ్చు. హార్మోనియం పక్కన చోటు దొరికితే వదలకండి. నటుడు పద్యమెత్తే ముందు శ్రుతి కోసం వాద్యకారుని వైపు చూసే చూపు అక్కడి నుంచే కనబడుతుంది. మొత్తం నాటకం వేయమని నిర్వాహకులను ముందే అడగండి. మంగళం పాడాక వేదిక వెనక్కి వెళితే కృష్ణుడు కిరీటం తీసి పక్కన పెట్టుకుని టీ తాగుతూ ఉంటాడు. ఊరి ముసలమ్మలు అప్పటికీ వచ్చి ఆయనకు నమస్కారం పెట్టి వెళుతుంటారు. ఆయన కూడా గ్లాసు కింద పెట్టి, లేచి నిలబడి, వారికి ప్రతినమస్కారం చేస్తాడు.