పల్లెకు డాక్టర్‌ను రప్పించేది జీతమేనా?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి భవనం, మందులు ఉన్నా డాక్టర్ పోస్టు ఖాళీగా ఉంటే రోగి పట్నం బస్సు ఎక్కాల్సిందే. జీతం పెంచితే డాక్టర్లు వస్తారని, క్వార్టర్స్ కట్టిస్తే ఉంటారని తరచూ వినిపిస్తుంది. ఇందులో నిజమెంతో పరిశోధకులు 2010లో ఉత్తరాఖండ్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లలో పరీక్షించి చూశారు. ఆ ఫలితాలు 2013లో ‘ప్లాస్ వన్’ పత్రికలో వెలువడ్డాయి.

"పల్లెలో పనిచేస్తారా?" అని నేరుగా అడిగితే మొహమాటానికి ‘సరే’ అనవచ్చు. అందుకే ‘డిస్క్రీట్ చాయిస్ ఎక్స్‌పెరిమెంట్’ అనే పద్ధతిని వాడారు. ఇందులో రెండేసి ఉద్యోగాలను పక్కపక్కన చూపిస్తారు. ఒకదానిలో జీతం ఎక్కువ, కానీ ఊరు మారుమూల. మరొకదానిలో జీతం తక్కువ, కానీ పట్నం దగ్గర. ఇలా ఎన్నో జతలపై వచ్చిన జవాబులను విశ్లేషిస్తే, దేనికోసం దేన్ని వదులుకుంటారో తెలుస్తుంది. చివరి ఏడాది వైద్య, నర్సింగ్ విద్యార్థులు, ఆరోగ్య కేంద్రాల్లోని డాక్టర్లు, నర్సులు ఇందులో పాల్గొన్నారు.

జీతాన్ని ఐదింతలు చేసినా పల్లె ఉద్యోగానికి సిద్ధపడేది వైద్య విద్యార్థుల్లో 13 శాతం, డాక్టర్లలో 31 శాతమేనని తేలింది. అందులో సగం జీతానికే నర్సింగ్ విద్యార్థుల్లో 61 శాతం, నర్సుల్లో 52 శాతం ఒప్పుకున్నారు. క్వార్టర్స్, మంచి పరికరాల ప్రభావం స్వల్పమే.

ఉద్యోగంలో ఉన్న డాక్టర్లను బాగా ఆకర్షించింది పీజీ సీటు. గ్రామీణ సేవకు బదులుగా స్పెషలిస్ట్ కోర్సులో సీటు కేటాయిస్తామంటే మొగ్గు స్పష్టంగా పెరిగింది. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. సీటు వచ్చాక ఆ డాక్టర్ వెళ్లిపోతే పోస్టు మళ్లీ ఖాళీ అవుతుంది.

పల్లెలో పెరగడానికీ పల్లె ఉద్యోగానికి ఒప్పుకోవడానికీ సంబంధం కనిపించలేదన్నది మరో ముఖ్య ఫలితం. గ్రామీణ నేపథ్యం ఉన్న విద్యార్థులను వైద్య కోర్సుల్లో చేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2010లో సూచించింది. ఈ ఆలోచనను జపాన్ అంతకు చాలా ముందే, అడ్మిషన్ల దశలోనే అమలు చేసింది. అక్కడ 1972లో ఏర్పడిన జిచీ వైద్య విశ్వవిద్యాలయం ప్రతి రాష్ట్రం నుంచీ కొందరు విద్యార్థులను ఎంపిక చేస్తుంది. చదువు పూర్తయ్యాక తొమ్మిదేళ్ల పాటు సొంత రాష్ట్రంలో నిర్దేశించిన చోట్ల సేవ చేస్తే ఫీజు తిరిగి కట్టనక్కర్లేదు.

భారత్ అధ్యయనం మరో దారినీ సూచించింది. తగిన శిక్షణతో నర్సులకు ప్రాథమిక చికిత్స బాధ్యత అప్పగిస్తే తక్కువ ఖర్చుతోనే పల్లెలకు వైద్యం అందుతుందని పరిశోధకుల అభిప్రాయం.