ఓటు లేని నగరపాలన: బొలోన్యా పొదెస్తా అర్పినాతి

ఇటలీలో ఫాసిస్టు ప్రభుత్వం 1926 ఫిబ్రవరిలో తెచ్చిన చట్టం, జనాభా ఐదు వేలకు మించని ఊళ్లలో ఎన్నికలను రద్దుచేసి, మేయరు, కార్యవర్గం, పాలకమండలి అనే మూడింటి అధికారాలనూ పొదెస్తా అనే ఒకే వ్యక్తి చేతిలో పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో ఈ ఏర్పాటును నగరాలకూ వర్తింపజేశారు. పొదెస్తాను రాజశాసనం ద్వారా ఐదేళ్లకు నియమించేవారు. అతడి పనిపై ప్రిఫెక్టు, అంటే మన కలెక్టరును పోలిన ప్రభుత్వాధికారి, అజమాయిషీ చేసేవాడు.

ఉత్తర ఇటలీలోని బొలోన్యాకు తొలి పొదెస్తా అయిన లెయాంద్రో అర్పినాతి (1892–1945) రైల్వే కార్మికుడిగా పనిచేసి, యౌవనంలో ఏ ప్రభుత్వమూ వద్దనే అరాచకవాదులతో తిరిగి, ఫాసిస్టుల అధినేత ముస్సోలినీ స్నేహంతో వారి దళాల నాయకుడిగా ఎదిగినవాడు. 1920 నవంబరు 21న, ప్రజలు గెలిపించిన సోషలిస్టు పాలకమండలి పదవి చేపట్టే వేళ, పురపాలక భవనమైన పలాత్సో దక్కూర్సియోపై ఆ దళాలు విరుచుకుపడగా, కాల్పుల్లో పలువురు మరణించారు, పాలకమండలీ రద్దయింది. ఎన్నికైనవారిని నిలవనీయని ఆ భవనంలోకే ఆరేళ్ల తర్వాత అతడు ఏ ఎన్నికా లేకుండా ఏలికగా వచ్చాడు. ఈ ఒక్క విషయం తెలిస్తే పొదెస్తా వ్యవస్థ ఎలా పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు.

నగరంలో అతడి పేరు నిలిపినది లిత్తోరియాలె క్రీడాప్రాంగణం. 1926 అక్టోబరు చివర ముస్సోలినీ గుర్రమెక్కి వచ్చి దానిని ప్రారంభించాడు. ఆ పర్యటనలోనే, అక్టోబరు 31న, అర్పినాతి నడుపుతున్న కారులో ఉన్న ముస్సోలినీపై తుపాకి పేలగా, ఆ పని చేశాడంటూ పదిహేనేళ్ల అన్తేయో జంబోనిని గుంపు అక్కడికక్కడే చంపేసింది. ఆ బాలుడే కాల్చాడా అన్నది నేటికీ తేలలేదు. ఈ ఘటనను సాకుగా చేసుకుని ప్రభుత్వం ప్రతిపక్షాలను నిషేధించింది. ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్యకు కూడా అధ్యక్షుడైన అర్పినాతి ఆ డిసెంబరులో పొదెస్తా అయ్యాడు.

1929లో హోంశాఖ ఉపమంత్రిగా రోముకు వెళ్లిన అతడు, పార్టీ కార్యదర్శి అకిల్లె స్తరాచెతో వైరం ముదిరి 1933లో పదవి పోగొట్టుకుని, మరుసటి ఏడాది లిపారి ద్వీపానికి నిర్బంధవాసిగా వెళ్లవలసి వచ్చింది. ఓటర్ల అండతో కాక నియామకంతో నగరాన్ని ఏలినవాడికి ముస్సోలినీ అనుగ్రహం తొలగినప్పుడు పట్టుకొమ్మ లేకపోయింది. 1943లో ముస్సోలినీ ఉత్తరాన నెలకొల్పిన కొత్త ప్రభుత్వంలో చేరడానికి నిరాకరించి, మిత్రరాజ్యాల సైనికులకు ఆశ్రయమిచ్చాడు. ఆ సాహసం గౌరవించదగినదే గాని, 1920 నాటి నెత్తుటిని అది కడగలేదు. బొలోన్యా విముక్తి పొందిన మరునాడు, 1945 ఏప్రిల్ 22న, ప్రతిఘటన యోధులు అతడిని ఇంటివద్దే కాల్చిచంపారు. ఒకప్పుడు సాంత సోఫియా పట్టణానికి ఎన్నికైన సోషలిస్టు మేయరు, అతడి చిరకాల మిత్రుడు తోర్‌క్వాతో నన్ని కూడా అక్కడే హతుడయ్యాడు.