పుట్టినరోజు మాయమైన నావికుడు

రాత్రి పడుకునేటప్పుడు ఆగస్టు 16వ తేదీ. తెల్లవారి లేచేసరికి ఆగస్టు 18వ తేదీ! మధ్యన ఉండవలసిన 17వ తేదీ ఏమయింది? సరిగ్గా ఆ 17వ తేదీనే ఎవరిదైనా పుట్టినరోజు అయితే వాళ్ళ గతి ఏమిటి?

ఇదేదో కుంభకర్ణుడిలాగా నిద్రపోయినవాడి కథ అనుకోకండి. పసిఫిక్ మహాసముద్రం మీద ప్రయాణంచేసే నావికులకు ఈ చిక్కు నిజంగానే వస్తుంది. ఎలాగో చెబుతాను, వినండి.

మన కాకినాడ కుర్రవాడు ఒకడు సరుకుల ఓడలో కొత్తగా చేరాడనుకుందాం. ఆ ఓడ అమెరికాలోని లాస్ ఏంజలిస్ రేవునుంచి బయలుదేరి, పడమటి దిక్కుగా జపాను దేశపు యొకొహామా రేవుకు పోతున్నది. ఆగస్టు 17వ తేదీన మనవాడికి పంతొమ్మిదేళ్ళు నిండుతాయి. అందుచేత అతను వంటవాడిని బతిమాలి, సేమ్యా పాయసానికి ఏర్పాటు చేసుకున్నాడు. తోటివాళ్ళనందరినీ పిలిచాడు. తీరా 16వ తేదీ సాయంత్రం కప్తాను గోడమీద ఒక కాగితం అంటించాడు: "ఈ రాత్రి దినరేఖ దాటుతున్నాము. రేపు 18వ తేదీ."

ఇంకేం, తోటివాళ్ళకు మంచి వేళాకోళం దొరికింది. "ఒరే, ఈ ఏడు నీకు వయసు పెరగదురా! పద్ధెనిమిది దగ్గరే ఉండిపో!" అని ఏడిపించటం మొదలుపెట్టారు.

కప్తాను చేసింది అన్యాయమేనా? ఇష్టం వచ్చినట్టు తేదీలు ఎగరగొట్టే అధికారం అతనికి ఎక్కడిది? ఇది తేలాలంటే మనం అయిదువందల ఏళ్ళు వెనక్కి పోయి, ఇంకొక ఓడను చూడాలి.

1519 సెప్టెంబరులో మాగెల్లాన్ అనే నావికుడు అయిదు ఓడలతో స్పెయిన్ దేశంనుంచి పడమటికి బయలుదేరాడు. ఆయనతో రెండువందలమందికి పైగా ఉన్నారు. దారిలో తుఫానులూ, ఆకలీ, రోగాలూ, తగాదాలూ ఒకటేమిటి, అన్నీ చుట్టుముట్టాయి. 1521లో ఫిలిప్పీన్ దీవులలో జరిగిన పోరులో మాగెల్లానే చనిపోయాడు. చివరకు విక్టోరియా అనే ఒక్క ఓడ మాత్రం భూగోళమంతా చుట్టి, 1522 సెప్టెంబరులో స్పెయిన్ చేరింది. అందులో మిగిలినవాళ్ళు పద్ధెనిమిదిమంది!

వారిలో పిగాఫెట్టా అనే ఇటలీ దేశస్థుడున్నాడు. ఆయన ప్రయాణం పొడవునా ప్రతిరోజూ దినచర్య రాశాడు. ఓడ ఇల్లు చేరటానికి రెండు నెలల ముందు, ఆహారం కోసం ఆఫ్రికాకు పడమట ఉన్న కేప్ వర్ద్ దీవుల దగ్గర ఆగింది. ఓడలో లెక్కప్రకారం ఆ రోజు జూలై 9, బుధవారం. ఒడ్డుమీదివాళ్ళను అడిగితే, "ఇవాళ గురువారం" అన్నారు!

పిగాఫెట్టాకు మతిపోయినట్టయింది. ఆయన ఒక్కరోజైనా జబ్బుపడలేదు, ఒక్కరోజైనా రాయటం మానలేదు. మరి ఒక రోజు ఎలా తప్పిపోయింది? పండుగలు కూడా ఒక రోజు తేడాతో చేసుకుంటూ వచ్చారన్నమాట. ఆలోచించగా తరవాత సంగతి బోధపడింది. లెక్కలో తప్పేమీ లేదు. పడమటికి పోతూ భూమిని ఒక చుట్టు చుట్టినవాళ్ళు ఇంటిదగ్గర ఉన్నవాళ్ళకంటె ఒక సూర్యోదయం తక్కువ చూస్తారు.

నమ్మకం కలగటం లేదా? అయితే ఒక బత్తాయిపండూ, ఒక దీపమూ తెచ్చుకోండి. దీపం సూర్యుడు, పండు భూమి. పండు నడుముమీద సిరాతో ఒక చుక్క పెట్టండి. అది ఇంటిదగ్గర ఉన్నవాడు. ఆ చుక్క పక్కనే చిన్న కాగితం ముక్క అంటించండి. అది ఓడ. ఇప్పుడు పండును దీపం ముందు పది చుట్లు తిప్పండి. చుట్టు చుట్టుకూ కాగితాన్ని, పండు తిరిగే దిక్కుకు ఎదురుగా, నడుము కొలతలో పదోవంతు జరుపుతూ ఉండండి. పది చుట్లూ అయ్యేసరికి కాగితం పండంతా చుట్టి, మళ్ళీ చుక్క దగ్గరకు వస్తుంది. చుక్కకు దీపం పదిసార్లు కనిపించింది. కాగితానికి ఎన్నిసార్లు? తొమ్మిదిసార్లే!

ఇప్పుడు ఓడ గడియారం సంగతి చూద్దాం. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు. లండనులోని గ్రీనిచ్ మీదుగా పోయే రేఖాంశం సున్నా. 1884లో వాషింగ్టనులో జరిగిన అంతర్జాతీయ సభలో దీనిని నిర్ణయించారు. మన దేశపు గడియారాలన్నీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్నిబట్టి నడుస్తాయి. ఈ రేఖ మనవాడి ఊరైన కాకినాడకు దగ్గరగానే పోతుంది. 82½ని 15తో భాగించి చూడండి, అయిదున్నర వస్తుంది. అందుకే మనం గ్రీనిచ్ కంటె అయిదున్నర గంటలు ముందుంటాం.

ఓడ పడమటికి పోతుంటే, ప్రతి 15 డిగ్రీలకూ గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుతారు. అలా తిప్పిన రోజు నావికులకు 25 గంటలు! భూమినంతా చుట్టేసరికి ఇలాంటి అదనపు గంటలు 24 పోగవుతాయి. అవి ఒక రోజుకు సమానం. ఈ లెక్క సరిచేయటానికి పసిఫిక్ మహాసముద్రం నడుమ, 180 డిగ్రీల రేఖాంశాన్ని ఇంచుమించుగా అనుసరించి, ఒక గీత ఉన్నట్టు భావించారు. దానినే అంతర్జాతీయ దినరేఖ అంటారు. పడమటికి పోతూ దానిని దాటితే ఒక తేదీ వదిలిపెట్టాలి. తూర్పుకు పోతూ దాటితే ఒకే తేదీని రెండుసార్లు లెక్కపెట్టాలి.

కాబట్టి మన కుర్రవాడి 17వ తేదీని కప్తాను కాజేయలేదు. ఓడ ఇలాగే పడమటికి పోయి, భూమిని చుట్టి లాస్ ఏంజలిస్ చేరిందా, అదనపు గంటల రూపంలో అతనికి 24 గంటలూ ముట్టుతాయి. అలా కాక వచ్చినదారినే తిరిగిపోయిందా, దినరేఖ దగ్గర ఒక తేదీ రెండుసార్లు వచ్చి బాకీ తీరుతుంది.

మరి వయసు మాటేమిటి? శరీరం కేలండరు చూసి పెరగదు. భూమి పంతొమ్మిదిసార్లు సూర్యుణ్ణి చుట్టివస్తే పంతొమ్మిదేళ్ళు నిండినట్టే. అంతేకాదు, ఓడ దినరేఖ దాటి, అర్ధరాత్రి 18వ తేదీ ప్రవేశించే క్షణాన మన దేశంలో ఎంత అవుతుందో తెలుసా? 17వ తేదీ సాయంత్రం అయిదున్నర! ఓడలో పాయసం లేకపోయినా, కాకినాడలో అతని తల్లి ఆ వేళకు కొడుకుపేర పాయసం వండి ఇరుగుపొరుగులకు పంచుతూనే ఉంటుంది.

తూర్పుకు పోయేవారి అదృష్టం వేరు. 2017 సెప్టెంబరు 10వ తేదీన మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు తారిణి అనే చిన్న తెరచాప నావలో గోవానుంచి తూర్పుగా బయలుదేరారు. భూమిని చుట్టి 2018 మే 21వ తేదీన గోవా చేరారు. ఆ ఆరుగురిలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. ఇంటిదగ్గర ఉన్న మనకంటె వారు ఒక సూర్యోదయం ఎక్కువే చూశారన్నమాట! దినరేఖ దాటటాన్ని నావికులు గొప్పగా చెప్పుకుంటారు. దాటినవారు "బంగారు డ్రాగన్ రాజ్యం"లో ప్రవేశించినట్టు అమెరికా నౌకాదళంలో ఒక ఆనవాయితీ ఉన్నది.

ఈ దినరేఖ నిటారుగా ఉండదు. దేశాల సౌకర్యాన్నిబట్టి వంకరలు తిరుగుతుంది. ఉత్తరాన బేరింగ్ జలసంధిలో డయొమీడ్ అనే రెండు దీవులున్నాయి. పెద్దది రష్యాది, చిన్నది అమెరికాది. మధ్య దూరం సుమారు 4 కిలోమీటర్లే. కాని రేఖ వాటి నడుమనుంచి పోతుంది కనక, పెద్ద దీవిలో ఆదివారం అయితే ఎదుటి దీవిలో ఇంకా శనివారమే!

ఓడ ఎక్కకుండానే పుట్టినరోజు పోగొట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. పసిఫిక్‌లోని సమోవా దేశానికి వర్తకమంతా ఎక్కువగా ఆస్ట్రేలియా, న్యూజీలాండులతో. కాని తేదీలో ఒక రోజు వెనకబడి ఉండటంచేత పనులు కుంటుపడుతూ వచ్చాయి. అందుచేత 2011లో ఆ దేశం దినరేఖకు ఇవతలి పక్కకు మారింది. డిసెంబరు 29, గురువారం రాత్రి పడుకున్నవాళ్ళు 31, శనివారం నిద్రలేచారు. 30వ తేదీన పుట్టిన సమోవా పిల్లలకు ఆ ఏడు కేలండరులో పుట్టినరోజే లేదు! 1892లో ఇదే సమోవా అవతలి పక్కకు మారినప్పుడు జూలై 4వ తేదీ రెండుసార్లు వచ్చింది. ఆనాడు పోగుచేసుకున్న రోజును 119 ఏళ్ళ తరవాత తిరిగి ఇచ్చేశారన్నమాట.

మన పెద్దలకు ఇదంతా అంత వింతగా తోచదు. పంచాంగంలో సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు ఆ పేరు. చంద్రుడి నడక ఎప్పుడూ ఒకేలాగా ఉండదు కనక, ఒక తిథి సుమారు 20 గంటలు ఉంటే, మరొకటి 26 గంటలు దాటుతుంది. పొట్టి తిథి ఒక్కొక్కప్పుడు సూర్యోదయం తరవాత మొదలై, మర్నాటి సూర్యోదయానికి ముందే ముగిసిపోతుంది. దానినే క్షయతిథి అంటారు. పొడుగు తిథి రెండు సూర్యోదయాలకూ ఉండి, రెండు రోజులకు తన పేరు పెడుతుంది. అది వృద్ధితిథి.

మీరు పుట్టిన తిథి ఏదో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. ఇంట్లో ఉన్న పాత పంచాంగాలన్నీ తిరగెయ్యండి. ఓడ ఎక్కకుండానే, సముద్రం దాటకుండానే, మీ పుట్టినరోజు కూడా ఏ ఏడాదైనా మాయమయిందేమో తెలిసిపోతుంది!